చలిమంటా, కుంపటా, యంత్రమా? గొల్లపల్లిలో వేడి లెక్కలు

గొల్లపల్లి (బస్తర్): చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికి ప్రపంచంలో ఇప్పుడు అన్నిటికంటె పొదుపైనదిగా పేరు పడిన సాధనం 'హీట్ పంప్'. స్వీడన్, నార్వే వంటి శీతల దేశాలలోనూ, ప్రవాసాంధ్రులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోనూ ఈ యంత్రం గ్యాసు కొలిమిని క్రమంగా పక్కకు నెడుతున్నది. ఇదిలా ఉండగా, బస్తర్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న గొల్లపల్లి వంటి గ్రామాలలో పుష్యమాసపు చలికి నేటికీ ప్రధానమైన రక్ష కట్టెల పొయ్యి, ఇంటి ముందరి నెగడు. ఈ రెండు కొసల మధ్య రూం హీటరు, గ్యాసు హీటరు, బొగ్గుల కుంపటి వంటి సాధనాలు అనేకం ఉన్నాయి. వీటిలో ఏది చౌక, ఏది క్షేమం, ఏది ఎవరికి తగినది అన్న ప్రశ్నకు సమాధానం యంత్రం నాణ్యతపై కంటె ఇంటి కట్టుబడిపైనా, చలి రాత్రుల సంఖ్యపైనా, ఊరికి వచ్చే కరెంటుపైనా ఎక్కువగా ఆధారపడి ఉండటం గమనార్హం.

గొల్లపల్లి ఒకప్పటి విశాల బస్తర్ జిల్లాలోనిది. 1998లో బస్తర్ నుంచి దంతెవాడ జిల్లాను వేరు చేశారు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2012లో దంతెవాడ నుంచి సుక్మా జిల్లాను విడదీయడంతో కుంట తాలూకాతో పాటు ఈ ప్రాంతం కొత్త జిల్లాలో చేరింది. కోయ తెగకు చెందిన దోర్లలు ఇక్కడి ప్రధాన నివాసులు. వీరి మాటలో తెలుగు పాలు అధికం, సంతలకూ ఆస్పత్రులకూ భద్రాచలం వైపు రాకపోకలు ఎక్కువ. సముద్ర మట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉన్న జగదల్‌పూర్ పీఠభూమిలో డిసెంబర్, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల పరిసరాలకు దిగడం మామూలే. శబరి లోయలోని పల్లపు గ్రామాలలో చలి కొంత తక్కువే అయినప్పటికీ, అడవి అంచున, మంచు పడే వేళ, పలుచని కప్పు కింద పడుకునే వారికి ఆ తేడా పెద్దగా తెలియదు.

వేడిని పుట్టించడం వేరు, మోసుకు రావడం వేరు

కట్టె, బొగ్గు, గ్యాసు, కరెంటు తీగచుట్ట - ఇవన్నీ వేడిని పుట్టించే సాధనాలు. రూం హీటరు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటే సరిగ్గా ఒక యూనిట్ వేడిని ఇస్తుంది. ఎర్రగా కాలే తీగ హీటరైనా, నూనె నింపిన రేడియేటరైనా, ఫ్యానుతో వేడిగాలి కొట్టే బ్లోయరైనా ఈ లెక్కలో మార్పు లేదు. ఖరీదైన హీటరు కరెంటును ఆదా చేస్తుందని అంగడిలో చెప్పే మాటకు భౌతికశాస్త్రంలో ఆధారం లేదు.

హీట్ పంప్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లాగి లోపలికి చేరవేస్తుంది. చల్లని గాలిలో వేడి ఎక్కడిదన్న సందేహం సహజమే. 7 డిగ్రీల గాలి మనకు చల్లనిదే కాని, అంతకంటె చల్లగా ఉన్న ద్రవానికి అది వెచ్చనిదే. యంత్రంలోని ద్రవం బయటి గాలి వేడికి ఆవిరి అవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి మరింత వేడెక్కిస్తుంది. అది గదిలోని గొట్టాలలో తిరిగి ద్రవంగా మారేటప్పుడు ఆ వేడిని గదికి వదులుతుంది. కరెంటు ఖర్చయ్యేది ప్రధానంగా ఈ నొక్కడానికే. అందుచేత ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి గదికి చేరుతుంది.

మన ఇళ్లలోని ఫ్రిజ్, ఏసీ చేసే పనీ ఇదే. ఏసీ గదిలోని వేడిని బయట పారేస్తుంది, హీట్ పంప్ బయటి వేడిని గదిలో పోస్తుంది. దిశ మార్చే ఒక్క కవాటం అమరిస్తే స్ప్లిట్ ఏసీయే హీట్ పంప్ అవుతుంది. అంగళ్లలో 'హాట్ అండ్ కోల్డ్' అనే పేరుతో దొరికేది ఇదే. ఇంటి పొడవునా రేకు గొట్టాలు వేయకుండా, గోడకు ఒక పెట్టె, బయట ఒక పెట్టె బిగించే రకం కనుక పాశ్చాత్య దేశాలలో దీనిని గొట్టాలు లేని హీట్ పంప్ అని వ్యవహరిస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1852లోనే దీనిని సూచించాడు. 1938లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నగర మందిరాన్ని పక్కనే పారే లిమ్మట్ నది నీటిలోని వేడితో వెచ్చబరిచారు. 1973 చమురు సంక్షోభం తరువాత ఈ యంత్రాలపై ఆసక్తి పెరిగింది. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచే ఇన్వర్టర్ పద్ధతి 1980ల ఆరంభంలో జపాన్ ఇళ్లకు వచ్చింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో గదులను వెచ్చబరిచే అవసరంలో దాదాపు 10 శాతాన్ని 2021లో హీట్ పంప్‌లే తీర్చాయి. నార్వేలో 60 శాతం భవనాలకు ఇవి ఉన్నాయి. అమెరికాలో 2022లో గ్యాసు కొలిముల కంటె హీట్ పంప్‌లే ఎక్కువగా అమ్ముడుపోయాయి. అక్కడ 2022 నాటి చట్టం ద్వారా వీటిపై ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్ల మేరకు పన్ను రాయితీ లభించింది. 2025లో చేసిన మరో చట్టంతో ఈ రాయితీ ఆ సంవత్సరాంతంలో ముగిసిపోయింది.

ఒక రాత్రి ఖర్చు ఎంత?

సాధనాల మధ్య పోలిక తెలియాలంటే ఒకే కొలత పెట్టుకోవాలి. తలుపులు బాగా మూసుకునే ఒక చిన్న గదికి రాత్రి ఎనిమిది గంటల పాటు గంటకు ఒక యూనిట్ చొప్పున మొత్తం 8 యూనిట్ల వేడి కావాలని అనుకుందాం. కరెంటు ధర యూనిట్‌కు 6 రూపాయలని లెక్క కోసం తీసుకుందాం.

రూం హీటరుకు 8 యూనిట్ల కరెంటు కావాలి, రాత్రికి 48 రూపాయలు. ఒకటికి మూడు చొప్పున వేడి ఇచ్చే హీట్ పంప్‌కు దాదాపు 2.7 యూనిట్లు, అంటే 16 రూపాయలు చాలు. 14.2 కిలోల గ్యాసు సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్లు. సిలిండర్ ధర 900 రూపాయలనుకుంటే ఎనిమిది యూనిట్ల వేడికి 40 రూపాయలవుతుంది. ఎండిన కట్టె కిలోకు దాదాపు 4 యూనిట్ల వేడి ఉంటుంది. లెక్కప్రకారం రెండు కిలోల కట్టె చాలు. కాని పొగ పోవడానికి చూరు కింద సందు వదిలిన ఇంటిలో వేడి కూడా ఆ సందు గుండానే పోతుంది కనుక నిజంగా కాలేది అంతకు అనేక రెట్లు. కట్టెకు చెల్లించే సొమ్ము లేకపోవచ్చు, కాని అడవి నుంచి మోపు తెచ్చే స్త్రీల శ్రమ, కాలం ఏ బిల్లులోనూ కనిపించవు.

రోజు ఖర్చు వరకు చూస్తే హీట్ పంప్‌కు సాటి లేదు. అయితే రూం హీటరుతో పోల్చితే రాత్రికి మిగిలేది 32 రూపాయలు. ఏడాదికి 60 చలి రాత్రులున్న చోట ఇది 1,920 రూపాయలు. యంత్రం, బిగింపు కలిపి 45 వేలు అనుకుంటే, చలి కోసమే దానిని కొన్నవారికి పెట్టుబడి తిరిగి రావడానికి 23 సంవత్సరాలు పడుతుంది. యంత్రం అంతకాలం మన్నడమే సందేహం. ఏడాదిలో ఐదారు నెలలు వేడి అవసరమైన దేశాలలో ఇదే యంత్రం లాభసాటి కావడానికి కారణం చలి రాత్రుల సంఖ్యే.

ఎండాకాలం కోసం ఎలాగూ ఏసీ కొనదలచిన పట్టణవాసికి మాత్రం లెక్క మారుతుంది. వేడి కూడా ఇచ్చే నమూనాకు అదనంగా 6 వేల రూపాయలు ఇచ్చాడనుకుంటే, మూడు నాలుగు శీతాకాలాలలో ఆ సొమ్ము తిరిగి వస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, పాడేరు, చింతపల్లి వంటి చలి ప్రాంతాల మధ్యతరగతి కుటుంబాలు ఈ కోణం నుంచి ఆలోచించవచ్చు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి చోట్ల చలి తీవ్రమైనదే కాని, ఈ యంత్రానికి అది కష్టమైన వాతావరణం కాదు. వేడినిచ్చే సామర్థ్యాన్ని అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పరీక్షించేదే బయట 7 డిగ్రీలు ఉన్నప్పుడు. అయితే మంచు దట్టంగా కురిసే వేళ, ఉష్ణోగ్రత ఇంకా పడిపోయినప్పుడు, బయటి పెట్టెపై మంచు పేరుకుంటుంది. దానిని కరిగించుకోవడానికి యంత్రం మధ్య మధ్య కొన్ని నిమిషాలు వేడిని ఆపుతుంది. ఇది లోపం కాదు, దాని పని తీరు.

కొనుగోలుదార్లు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఏసీలపై అంటించే నక్షత్రాల గుర్తు చల్లబరిచే సామర్థ్యాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. కనుక వేడి కోసం కొనేవారు 7 డిగ్రీల వద్ద ఎంత కరెంటుకు ఎంత వేడి ఇస్తుందో విడిగా అడిగి తెలుసుకోవడం అవసరం.

పొగ, దానికంటె ప్రమాదకరమైన పొగలేని వాయువు

ధరల పట్టికలో చేరని ఖర్చు ఆరోగ్యం. వంటింటి పొగ మూలంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి చెంతనే ఎక్కువ కాలం గడిపే స్త్రీలు, పసిపిల్లలు దీనికి మొదటి బాధితులు. పిల్లలలో న్యుమోనియా, పెద్దలలో దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు ఈ పొగతో ముడిపడి ఉన్నాయి.

పొగ కనిపించని బొగ్గుల కుంపటి ఇంకా ప్రమాదకరం. చలికి తలుపులు బిగించి నిప్పుల కుంపటి పెట్టుకుని నిద్రించిన కుటుంబాలు తెల్లవారేసరికి విగతజీవులైన వార్తలు ప్రతి శీతాకాలంలో దేశంలో ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంటాయి. బొగ్గు సరిగా కాలడానికి గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా దానిని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, మగత, ఆ పిమ్మట స్పృహ తప్పడం. నిద్రలో ఉన్నవారికి హెచ్చరిక అందదు. పొగగొట్టం లేని గ్యాసు హీటరు, గాలి ఆడని స్నానాల గదిలోని గ్యాసు గీజరు విషయంలోనూ ఇదే భయం ఉంది. మూసిన గదిలో మంట గాని, నిప్పు గాని ఉంచరాదన్నది ఈ పోలికలన్నిటిలో మినహాయింపు లేని నియమం.

ఈ దృష్టితో చూస్తే కరెంటు సాధనాలు మేలు. అయితే 2,000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటును లాగుతుంది. మామూలు చిన్న ప్లగ్గుకు, నాలుగు బల్బులు, ఒక ఫ్యాను కోసం లాగిన సన్నని తీగకు అది మోయరాని భారం. పరుపు, దోమతెర దగ్గరగా ఎర్రని తీగ హీటరు పెట్టడం అగ్నిప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

ఒక పొయ్యి, అయిదు పనులు

గొల్లపల్లి ప్రాంతానికి ఈ లెక్కలను యథాతథంగా అన్వయించడం పొరపాటవుతుంది. పట్టణంలో హీటరు గదిని వెచ్చబరచడానికి మాత్రమే. అడవి పల్లెలో పొయ్యి ఒకేసారి అయిదు పనులు చేస్తుంది. వంట వండుతుంది, వెచ్చదనమిస్తుంది, వెలుతురునిస్తుంది, అటకపై గింజలనూ ఎండు సరుకునూ చెమ్మ తగలకుండా కాపాడుతుంది. దాని పొగ దోమలను తరిమి, గడ్డికప్పుకు పురుగు పట్టకుండా చూస్తుంది. ఇందులో ఒక్క పనిని మాత్రమే తీర్చే కొత్త సాధనం వచ్చినప్పుడు మిగిలిన నాలుగు పనుల కోసం పొయ్యి మండుతూనే ఉంటుంది.

ప్రభుత్వ పథకాల అనుభవం దీనిని రుజువు చేస్తున్నది. 1983లో కేంద్రం ప్రారంభించిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం కింద పొగగొట్టాలున్న పొయ్యిలను కోట్ల సంఖ్యలో కట్టించారు. మరమ్మతు చేసేవారు లేక, ఇంటి అవసరాలకు కుదరక వాటిలో అనేకం మూలపడ్డాయి. 2002లో కేంద్ర కార్యక్రమం ముగిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 మేలో ఆరంభమైన ఉజ్జ్వల పథకం గ్యాసును పేద ఇళ్లకు చేర్చాయి. ఉజ్జ్వల కనెక్షన్లు 10 కోట్లు దాటాయి. ఇది చిన్న విజయం కాదు. అయినప్పటికీ అనేక గిరిజన గ్రామాలలో చలికాలం రాగానే కట్టెల మంట తిరిగి రాజుకుంటుంది. దీనికి సిలిండర్ ధర, దూరం ఒక కారణం. గ్యాసు పొయ్యి అన్నం వండగలదు కాని రాత్రంతా ఇంటిని వెచ్చగా ఉంచలేకపోవడం మరొక కారణం. ఈ రెండో కారణం పథకాల రూపకర్తల దృష్టికి అంతగా రాలేదు.

అందుచేత పొయ్యి చేసే పనులను విడదీసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ప్రత్యామ్నాయం చూపవలసి ఉంటుంది. వంటకు గ్యాసు, వెలుతురుకు ఎల్‌ఈడీ బల్బు, దోమలకు మందు పూసిన తెర ఇప్పటికే ఉన్నాయి. బస్తర్‌లో 2020 జనవరిలో ప్రారంభమైన మలేరియా నిర్మూలన ఉద్యమంలో భాగంగా దోమతెరల వాడకాన్ని ప్రోత్సహించారు. ఇక తేలవలసింది రాత్రి చలి ఒక్కటే.

ముందు గోడ, కప్పు, కంబళి

వేడిని నిలుపుకోలేని ఇంటిలో ఎంత గొప్ప యంత్రం పెట్టినా అది చిల్లికుండలో నీరు పోయడమే. మందపాటి మట్టిగోడ పగటి ఎండను దాచుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. గడ్డికప్పు వేడిని బయటకు పోనివ్వదు. వీటి స్థానంలో వచ్చిన రేకు కప్పు వర్షానికి గట్టిదే కాని, నిర్మలమైన ఆకాశం కింద రాత్రి త్వరగా చల్లబడి గదిని కూడా చల్లబరుస్తుంది. పక్కా ఇంటికి మారిన కుటుంబం వెనుకటి కంటె ఎక్కువ చలి అనుభవించడంలో ఆశ్చర్యం లేదు. రేకు కింద వెదురు తడికెతోనో, పలకలతోనో ఒక అటక వేయడం, చూరు సందులను చలికాలంలో మూయడం, నేలపై గడ్డి పరచి చాప వేయడం, మనిషికి ఒక మంచి కంబళి ఇవ్వడం - వీటికయ్యే ఖర్చు ఏ యంత్రం ధరతోనూ పోల్చదగినది కాదు. అయితే సందులు మూయడానికి ముందే ఇంటిలోని నిప్పు బయటకు వెళ్లాలి. నెగడును ఇంటి ముందుకు మార్చడం, వంటపొయ్యికి గొట్టం అమర్చడం దీనికి తొలి మెట్లు.

యంత్రానికి తగిన చోటు

హీట్ పంప్‌కు గొల్లపల్లి ప్రాంతంలో అసలు చోటు లేదని దీని అర్థం కాదు. దానికి నిజమైన అవసరం ఇళ్లలో కంటె ఆస్పత్రుల ప్రసూతి గదులలో ఉంది. పుట్టిన శిశువు తడి ఒంటితో క్షణాలలో చల్లబడిపోతుంది. ప్రసవం జరిగే గదిలో కనీసం 25 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పెద్దలకు కేవలం అసౌకర్యమనిపించే చలి, నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డకు ప్రాణాంతకం. తుడిచి పొడిగా ఉంచడం, తల్లి గుండెలపై పడుకోబెట్టడం అన్నిటికంటె ముఖ్యమైన రక్షణలు. వాటితో పాటు గది కూడా వెచ్చగా ఉండాలి. అదే గది మే నెలలో ఉడికిపోతుంది. ఏడాది పొడవునా రెండు విధాల పనికి వచ్చే హాట్ అండ్ కోల్డ్ యంత్రం పెట్టుబడికి తగిన ఫలితమిచ్చే చోటు ఇది. ఛత్తీస్‌గఢ్‌లో క్రెడా సంస్థ వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్ ఫలకాలు అమర్చింది. తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇచ్చే యంత్రమైతేనే బ్యాటరీలు కొంతసేపైనా మోయగలవు. తీగ హీటరును అవి త్వరలోనే దించేసుకుంటాయి.

రెండవ చోటు ఆశ్రమ పాఠశాలలు. 2005 తరువాతి ఘర్షణలలో పాఠశాలలు ధ్వంసమైన దక్షిణ బస్తర్‌లో వెదురు, పలకలతో నిర్మించిన 'పోర్టా క్యాబిన్' వసతి పాఠశాలలు వేలాది పిల్లలకు ఆశ్రయమిచ్చాయి. ఆ పలుచని గోడలు చలిని ఆపవు, నిప్పుకు త్వరగా లొంగుతాయి. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలోని ఇటువంటి బాలికల వసతి గృహంలో అగ్నిప్రమాదం సంభవించి ఒక చిన్నారి మరణించింది. ఇటువంటి భవనాలలో కుంపటికి గాని, తీగ హీటరుకు గాని తావు ఉండరాదు. ఇక్కడ పిల్లలకు కావలసినవి కంబళ్లు, పక్కా గోడలు, ఉదయం స్నానానికి వేడినీళ్లు. మనిషికి 20 లీటర్ల చొప్పున 200 మంది విద్యార్థులకు 4,000 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాచడానికి 116 యూనిట్ల వేడి కావాలి. గీజర్లతో అయితే అంత కరెంటూ ఖర్చవుతుంది. హీట్ పంప్ పద్ధతిలో నీరు కాచే యంత్రంతో 40 యూనిట్లలోపే సరిపోతుంది. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండే ఈ ప్రాంతంలో సౌర వేడినీటి పలకలతో అయితే ఎండ ఉన్న రోజు కరెంటు అవసరమే స్వల్పం.

తీగ వచ్చే వేళే నిర్ణయం జరగాలి

ఛత్తీస్‌గఢ్ మిగులు విద్యుత్ రాష్ట్రంగా పేరు పొందింది. కోర్బా థర్మల్ కేంద్రాల కరెంటు దూర రాష్ట్రాలకు పోతుండగా, అదే రాష్ట్రపు దక్షిణ కొసన అనేక గ్రామాలు దశాబ్దాల పాటు చీకటిలో ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన 'నియద్ నెల్లానార్' పథకం కింద భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు రోడ్లు, కరెంటు, ఆరోగ్య సేవలు చేర్చే పని సాగుతున్నది. బొగ్గు కేంద్రంలో మూడు వంతుల వేడి మండితే ఒక వంతు కరెంటుగా బయటకు వస్తుంది. ఆ కరెంటును తీగ హీటరులో కాల్చడమంటే ఆ నష్టాన్ని అంగీకరించడమే. హీట్ పంప్ ఆ మూడు వంతులనూ తిరిగి రాబడుతుంది.

కొత్తగా స్తంభాలు పాతే వేళ బల్బుల లెక్కతోనే ట్రాన్స్‌ఫార్మర్, తీగ మందం నిర్ణయిస్తే ప్రసూతి గదికి, వసతి గృహానికి తరువాత ఏ యంత్రమూ పెట్టలేని పరిస్థితి వస్తుంది. గొల్లపల్లి వంటి గ్రామాలకు సంబంధించిన అంచనా పత్రాలలో ఈ రెండు భవనాల శీతాకాలపు అవసరాన్ని ఇప్పుడే చేర్చడం ఉచితం. ఇళ్ల విషయానికి వస్తే, పథకం కింద కట్టే ప్రతి రేకు ఇంటికి ఒక అటక, గ్యాసు ఉన్న ప్రతి ఇంటికి భరించగల ధరకు సిలిండర్, చలి రాకముందే చేతికందే కంబళి ఉంటే రాబోయే పుష్యమాసంలో పొగ లేని గదిలో పసిపిల్లలు నిద్రించగలుగుతారు. దీనికి కొత్త సాంకేతిక విజ్ఞానం అవసరం లేదు, నవంబరులోగా సామగ్రి ఊరికి చేరితే చాలు.